స్తోయన్ పేరు, సోలెడు తవుడు

షానన్,
14 జనవరి 2024

సరోజిని అత్తకు,

నీ చెవులు పూర్తిగా పని మానేశాక నా చేతిరాత మళ్లీ బతికింది. ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోవడమే తప్ప నీకు వినపడింది లేదు. ఉత్తరమే మేలు. ఇందులో నువ్వు నా మాటకు అడ్డు రాలేవు.

ముందు నువ్వు అడిగేదానికి జవాబు. ఆరో నెల నడుస్తోంది. మగపిల్లవాడు. ఇక్కడ అడిగితే చెప్పేస్తారు. బాగానే కదులుతున్నాడు. బిడ్డ మాయ కిందికి ఉందని లిమరిక్ ఆసుపత్రిలో అన్నారు. ఇంకా టైముంది, పైకి జరగవచ్చు, యూ ఆర్ గ్రాండ్ అని డాక్టరమ్మ భుజం తట్టింది. ఇక్కడ కాలు విరిగినా గ్రాండే, పైకప్పు ఎగిరిపోయినా గ్రాండే. ఐదో నెలలో ఒక బిడ్డ, ఎనిమిదో నెలలో ఒక బిడ్డ పోయినదాన్ని, ఆ మాట నాకెంత దూరం వస్తుంది? నాకు భయంగా ఉంది అత్తా.

ఇక అసలు గొడవ. మా అత్తగారు రాద్కా బల్గేరియా నుంచి క్రిస్మస్‌కని వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పుట్టబోయేవాడికి జీవ్కో అని పేరు పెట్టాలట. బతికి ఉన్నవాడు అని అర్థం. నేను అభినవ్ అనుకుంటున్నాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు బల్గేరియన్ రాదు, ఇద్దరి పోట్లాటా స్తోయనే అటూ ఇటూ మోస్తున్నాడు.

అతని పేరు కూడా ఆ జాతిదేనని ఇన్నాళ్లకు తెలిసింది. నిలబడు, ఉండిపో అనే మాటలోంచి పుట్టిందట. వరసగా పిల్లలు పోయిన ఇళ్లలో తర్వాత పుట్టినవాడికి పెడతారట, వీడైనా ఉండాలని. స్తోయన్‌కు ముందు ఇద్దరు అన్నలు ఉయ్యాలలోనే పోయారు. ఎనిమిదేళ్లు కాపురం చేశాను, ఆ సంగతి నాతో అనలేదు. ఎయిర్‌పోర్టు హ్యాంగరులో అందరూ అతన్ని స్టాన్ అంటారు. ఆ పేరు వెనక పోయిన పిల్లలున్నారని వాళ్లకేం తెలుసు?

అన్నట్టు, అతను తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్నాడు. పెన్నును స్పానరు పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. తన పేరుకు తెలుగేమిటని అడిగితే 'ఉన్నాడు' అని రాసిచ్చాను. పనికి వెళ్లే ముందు రోజూ ఫ్రిజ్ మీద అంటించిన కాగితం మీద అదే రాస్తాడు. ఉన్నాడు, ఉంది, లేదు, ఈ మూడు మాటలుంటే కాపురం నడిచిపోతుందంటాడు.

చావును తలుచుకుంటూ పెట్టే పేరు మాకెందుకు చెప్పు. నువ్వు ముప్పై ఐదేళ్లు పురుళ్లు పోసిన నర్సువి. ఇవన్నీ వట్టివని ఒక్క ముక్క రాయి. ఆవిడ ముందు పెడతాను.

నీ మేనకోడలు,
మధులిక


సాలూరు,
29 జనవరి 2024

చిరంజీవి మధులికకు అత్త దీవెనలు.

ఒక్క ముక్క రాయమన్నావు. రాసేదాన్నే, కానీ అబద్ధమవుతుంది.

మీ అత్తగారి మాట నాకేమీ కొత్తగా తోచలేదు. మా చుట్టుపక్కల ఊళ్ల ఓటరు లిస్టు తీసి చూడు, తవిటయ్యలూ తవిటమ్మలూ పెంటయ్యలూ ఎంతమంది ఉన్నారో. కడుపు నిలవని ఇంట్లో బిడ్డ పుడితే చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెడతారు. ఒక ఆడమనిషి అటుగా వస్తుంది. "ఎవుల గుంటో ఇది, ఎవులికీ అక్కర్నేనట్టుంది, నానట్టుకుపోతాను" అని ఎత్తుకుంటుంది. తల్లి వెనకాలే పరిగెత్తి, "నాకిచ్చీయే తల్లీ" అని బతిమాలి, సోలెడు తవుడు చేతిలో పోసి కొనుక్కుంటుంది. ప్రాణాలు వెతుక్కుంటూ వచ్చేదొకటి ఉంటుంది కదా, దానికి చూపించడం అన్నమాట. ఈ బిడ్డ ఈ ఇంటిది కాదు, తవుడుకు మించి చెయ్యదు, నీకెందుకు అని. పేరు పెట్టే హక్కు మాత్రం ఎత్తుకున్నదానిదే. పేరు పెద్ద, ఊరు దిబ్బ అంటారు. మా పక్క పేరే దిబ్బ మీద పుడుతుంది.

నేను బొడ్డు కోసి, టీకా వేసి, వాళ్లు చేట ఎత్తుకోగానే పక్కకు తిరిగి నిలబడేదాన్ని. కింద శుభ్రమైన గుడ్డ పరవండి అని మాత్రం అనేదాన్ని. ఆ పిల్లల్లో చాలామంది ఇప్పుడు నా ముందే తిరుగుతున్నారు. ఎందువల్ల మిగిలారో రాయడానికి నా రిజిస్టరులో గడి లేదు.

కాబట్టి ఆవిడతో పోట్లాడకు. జీవ్కో అంటే మన జీవుడే అనుకో. కానీ ఒకటి కనుక్కో. స్తోయన్‌ను కూడా ఎవరో ఎత్తుకొనే ఉంటారు. ఎవరు? ఆవిడను తర్వాత ఏం చేశారు?

మళ్లీ స్కానింగ్ అయ్యాక మాయ సంగతి రాయి. బరువులు ఎత్తకు. నీ ఫ్యాక్టరీలో నిలబడే పని ఉంటే స్టూలు అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు.

నీ అత్త,
సరోజిని


షానన్,
11 ఫిబ్రవరి 2024

అత్తా,

అడిగాను. అడగకుండా ఉండవలసింది.

వాళ్లూ బిడ్డను బయట పెడతారట. పెంటకుప్ప కాదు, నాలుగు దారులు కలిసే చోట. తెల్లవారాక మొదట ఎవరు ఎదురైతే వాళ్లే పేరు పెట్టే తల్లి. కుమా అంటారు. స్తోయన్‌ను ఎత్తుకున్నావిడ పేరు నెదెల్యా. బస్టాండులో పొద్దుతిరుగుడు గింజలు అమ్ముకునేది, తాగేది. ఆవిడే ఆ పేరు పెట్టింది. అలా పేరు పెట్టినవాళ్లే రేపు అతని పెళ్లికి పెద్దగా ఉండాలట, అతనికి పుట్టే పిల్లలకూ వాళ్లే పేరు పెట్టాలట. వీళ్లు పిలవలేదు. ఎన్నిస్‌లో మా రిజిస్టరు పెళ్లికి రాద్కా విమానమెక్కి వచ్చింది కానీ ఆవిడకు కబురు కూడా పెట్టలేదు. తాగుబోతు మనిషిని వియ్యాలవారికి ఎలా చూపించడమని సిగ్గుపడింది. ఇప్పుడు వంటింట్లో కూర్చొని, నాకూ స్తోయన్‌కూ దక్కని ఇద్దరు బిడ్డలూ అందుకే పోయారని ఏడుస్తోంది. కుమా ఉసురు అన్నిటికన్నా చెడ్డదట. ఆ నెదెల్యాకిప్పుడు ఎనభై నాలుగేళ్లు. ఒక్కతే ఉంటుందట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరో దారినపోయే మనిషి, ఒక పూట బిడ్డను చేతుల్లోకి తీసుకున్నందుకు జన్మంతా హక్కా? కన్నది ఒకరు, పెంచింది ఒకరు, మధ్యలో ఈవిడెవరు? ఎత్తింది, దించింది, అయిపోయింది. ఆవిడకు ఉత్తరం రాస్తానని రాద్కా అంటే వద్దని గట్టిగా చెప్పాను. నువ్వు కూడా ఇలాంటివాళ్లను వెనకేసుకురావని నాకు తెలుసు.

నిన్న స్కానింగ్ అయింది. మాయ పైకి జరగలేదు. అలాగే అడ్డంగా ఉంది.

మధు


సాలూరు,
24 ఫిబ్రవరి 2024

మధులికకు,

ఉత్తరం అందింది. దారినపోయే మనిషి అన్న చోట రెండుసార్లు చదివాను.

మాయ అడ్డంగా ఉంటే మెట్లు ఎక్కకు, ఫ్యాక్టరీకి వెళ్లకు. రక్తం కనిపిస్తే చెంచాడైనా సరే, ఆలోచిస్తూ కూర్చోక అంబులెన్సు పిలిపించు. నొప్పి లేకుండా వచ్చే రక్తమే ప్రమాదం. అలాంటప్పుడు బిడ్డ కంటే తల్లికే గండం ఎక్కువ. ఇది నర్సుగా చెబుతున్నాను. అత్తగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆవిడకు ఉత్తరం రాయనివ్వు.

సరోజిని


షానన్,
8 మార్చి 2024

అత్తా,

ఇంత చిన్న ఉత్తరం నీ జన్మలో రాసి ఉండవు. ఒంట్లో బాగాలేదా? బీపీ మాత్రలు అయిపోయాయా? నన్ను భయపెట్టినందుకు నీ మీద నాకు కోపం రావాలి, కానీ నువ్వు రాసినట్టే అయింది.

రాద్కా నా మాట వినలేదు. నాకు తెలియకుండా రాసేసింది. మొన్న మంగళవారం ఆ నెదెల్యా దగ్గర్నుంచి పొట్లం వచ్చింది. చేత్తో కుట్టిన చిన్న చొక్కా, అంటించిన కవరు ఒకటి. కవరులో పిల్లవాడి పేరు ఉందట. నేను తెరవనివ్వలేదు. వంటింటి ప్రెస్‌లో, అంటే ఇక్కడి అలమరాలో, పళ్లేల వెనక పడేశాను. తలుపు మూసి ఇటు తిరిగానో లేదో కాళ్ల వెంట వెచ్చగా తగిలింది. నొప్పి లేదు. నీ మాట గుర్తొచ్చి స్తోయన్‌ను కేకేశాను. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి నిన్న పంపారు. ఏప్రిల్ 17, బుధవారం పొద్దున ఎనిమిదింటికి ఆపరేషను పెట్టారు.

చొక్కా వచ్చిన పూటే ఇలా కావడమేమిటి? నేను చదువుకున్నదాన్నే, అయినా ఆ అలమరా దగ్గరికి వెళ్లలేకపోతున్నాను. ఎక్కడో కూర్చొని గింజలమ్ముకునే ముసలావిడ పిలవని పేరంటానికి వచ్చినట్టు నా ఇంట్లోకి వస్తోంది. ఆవిడకు మేమేం చేశామని?

స్తోయన్ ఫ్రిజ్ మీద 'ఉన్నాడు' అని రాయడం మానలేదు. పొద్దున్నే ఆ కాగితం చూస్తే ఇప్పుడు నాకు దడ.

జవాబు పెద్దది రాయి.

మధు


సాలూరు,
20 మార్చి 2024

మధూ,

నాకు ఒంట్లో బాగానే ఉంది. మనసే బాగాలేదు.

నీకు ఎవరూ చెప్పనిది చెబుతున్నాను. నీకు ముందు మీ అమ్మ కోటేశ్వరికి ఇద్దరు పోయారు. మీ నాన్న శేషయ్య బడిలో సైన్సు మాస్టారు. పిల్లలు నవ్వుతారని ఇలాంటివేవీ బయట పడనిచ్చేవాడు కాదు. అయినా నువ్వు పుట్టిన మూడో రోజు మా పెరటి వెనక పెంటకుప్ప మీద నిన్ను చేటలో పెట్టారు. అటుగా వచ్చి ఎత్తుకున్న మనిషిని నేను.

నీకు తవిటమ్మ అని పేరు పెట్టాను. మీ నాన్న కాగితాల్లో మధులిక అని రాయించుకున్నాడు. తవిటమ్మ అని నిన్ను నేను తప్ప ఎవరూ పిలవలేదు. నేనూ పైకి పిలవలేదు. నువ్వు నిద్రపోతుంటే పక్కన కూర్చొని పిలిచేదాన్ని. నాకు పిల్లలు లేరు కదా, ఆ ఒక్క పేరే నేను పెట్టింది.

ఆ సోలెడు తవుడు ఇవాళ్టికీ నా చేతిలో పడలేదు.

ఎత్తింది, దించింది, అయిపోయింది అని రాశావు. నిజమే, అయిపోయింది. నేను ఉసురు పెట్టే మనిషిని కాను మధూ. కానీ ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు, అది కూడా నిజమే.

మంచం దిగకు.

సరోజిని


షానన్,
28 మార్చి 2024

అత్తా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. స్తోయన్‌కు చెబితే, మనిద్దరం ఒకేలా దొరికామన్నమాట అన్నాడు. నేను ఎవరిని తిట్టాననుకున్నానో, తగిలింది ఎవరికో. నన్ను క్షమించు. కాళ్లు పట్టుకుందామంటే ఐదువేల మైళ్ల దూరం.

నాన్న ఇవ్వని తవుడు నేను ఇస్తాను. ఇక్కడ ఓట్స్ తవుడు అట్టపెట్టెల్లో అమ్ముతారు, పొద్దున్నే పాలలో వేసుకొని తింటారు. ఒక పెట్టె నీకు పార్సిల్ చేశాను. సోలకు పైనే ఉంటుంది. సంతకం పెట్టి తీసుకో. ఆపరేషను లోపే చేరుతుందన్నారు. ఇన్నాళ్లూ అడగకుండా కడుపులో దాచుకున్నావు. నీకు రావలసింది నీకు ముట్టాక, ఎవరి బాధా వెనక పెట్టుకోకుండా ఆ బల్ల ఎక్కుతాను.

నెదెల్యా కవరు ఇంకా తెరవలేదు. ఒక్కొక్కటీ సరిచేసుకుంటాను.

నీ మధు


సాలూరు,
6 ఏప్రిల్ 2024

మధూ,

ఎంత పని చేశావే. తవుడు నేను అడిగానా?

కిందటి ఉత్తరంలో కోపంతో సగమే రాసి ఆపేశాను, తప్పు నాదే. మిగతా సగం ఇది. మీ నాన్న తవుడు తెచ్చాడు. చేటలో పోసుకొని మూడుసార్లు నా గుమ్మంలోకి వచ్చాడు. నేనే తీసుకోలేదు. తీసుకుంటే నువ్వు మళ్లీ ఆ ఇంటి బిడ్డవు అవుతావు. ఆ ఇంట్లో అప్పటికే ఇద్దరు పోయారు. అమ్మకుండా నా దగ్గరే ఉంచుకుంటే నువ్వు ఎవరి బిడ్డవో ఆ వచ్చేదానికి తెలియదు. "పెంచుకో శేషూ, నానైతే అమ్మను" అన్నాను. మీ నాన్న నవ్వి చేట పట్టుకొని వెళ్లిపోయాడు. ముప్పై ఆరేళ్లుగా నిన్ను అలాగే దాచాను.

ఇప్పుడు నిన్ను కొనుక్కునేవాళ్లు ఎవరున్నారు? శేషయ్య లేడు, కోటేశ్వరి లేదు. నేను తవుడు తీసుకుంటే నిన్ను ఎవరి చేతుల్లో పెట్టాలి? వాళ్లు వెళ్లిన చోటికా పంపించాలి?

పార్సిల్ ఆపించు. వచ్చినా నేను ముట్టుకోను. పోస్టుమాన్ రాఘవులుకు చెప్పి ఉంచాను.

నీ అత్త


లిమరిక్,
16 ఏప్రిల్ 2024

అత్తా,

ఆసుపత్రి మంచం మీంచి రాస్తున్నాను. నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివిన వెంటనే ఫోనులో పార్సిల్ ఎక్కడుందో చూశాను. పన్నెండో తారీకున డెలివర్డ్ అని ఉంది. కింద సంతకం బొమ్మ కూడా పెట్టారు. సరోజిని అని రాసి చివర నువ్వు గీసే గీత. చాలాసార్లు చూశాను. నీదే.

రాద్కాను పిలిచి ఆ కవరు తెరిపించాను. ఆవిడ చదివి స్తోయన్‌కు చెప్పింది, అతను నాకు చెప్పాడు. పేరు నాయ్దెన్. దొరికినవాడు అని అర్థమట. కింద రెండు వాక్యాలు. నన్ను పిలవకపోయినా స్తోయన్ నావాడే, వాడి ఇల్లాలూ నాదే. నాకేమీ వద్దు, బిడ్డకు చొక్కా తొడగండి, చాలు.

దారినపోయే మనుషులని నేను తీసిపారేసిన ఇద్దరి చేతుల్లోనే మా ఇల్లంతా ఉంది అత్తా. ఇది తెలియడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

రేపు పొద్దున ఎనిమిదింటికి. నర్సులు వచ్చి చేతికి పట్టీ వేసి వెళ్లారు. దాని మీద మధులిక అని ఉంది. లోపలివైపు పెన్నుతో తవిటమ్మ అని రాసుకున్నాను. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఏ పేరుతో పిలుస్తారో తెలియదు కదా.

నాకు చాలా భయంగా ఉంది.

నీ తవిటి


సాలూరు,
17 ఏప్రిల్ 2024, ఉదయం

మధూ,

పార్సిల్ వచ్చేసింది, సంతకం పెట్టింది నేనే. రాఘవులు కూతురి పెళ్లికని సెలవు పెట్టాడు. కొత్తమనిషి వచ్చాడు. అతను ఏం చెప్పాడో నాకు వినపడలేదు. పింఛను కాగితాలనుకొని చెయ్యి చాచాను. చేతిలో పెట్టాక పొట్లం మీద మీ ఊరి పేరు చూశాను. అప్పటికి అతను వీధి మలుపు తిరిగిపోయాడు. సంతకం అయ్యాక వెనక్కి తీసుకోవడం కుదరదని పోస్టాఫీసులో అన్నారు. ఐదు రోజులు దాన్ని గుమ్మం అవతలే ఉంచాను. ఉంచితే మాత్రం ఏం లాభం, చేతిలో పడింది పడినట్టే.

ఇవాళ బుధవారం. మీకు ఇంకా తెల్లవారలేదు. ఇందాక ఆ తవుడు చేటలో పోసుకొని పెంటకుప్ప చోటికి వెళ్లాను. ఇప్పుడక్కడ మున్సిపాలిటీ చెత్తతొట్టి ఉంది. వెల ముట్టాక నిన్ను ఇవ్వక తప్పదు. పోయినవాళ్లకు ఇవ్వలేను. అందుకని బతికి ఉన్న మనిషికి ఇచ్చాను. నిన్ను ఆ నెదెల్యాకు ఇచ్చాను. ఆవిడ పేరు, నీ పేరు, నేను పెట్టిన పేరు, మూడుసార్లు పైకే చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు. వినవలసినదానికి వినపడి ఉంటుంది.

మొగుణ్ణి నిలబెట్టిన చెయ్యి నిన్నూ నిలబెడుతుంది. ఆవిడను అడగలేదు, అడిగే వ్యవధి లేదు. చేసింది తప్పని తెలుసు. మొహమైనా చూడని ఎనభై నాలుగేళ్ల మనిషి నెత్తిన నీ గండం పెట్టాను. ఇన్ని పురుళ్లు పోసి, ఏనాడూ ఒకరిది తీసి ఇంకొకరి మీద వెయ్యలేదు. నీ కోసం వేశాను.

ఇక నువ్వు ఆవిడ మనిషివి. బిడ్డకు ఆ చొక్కా తొడుగు. ఆవిడకు ఉత్తరం రాసుకో. నాకు ఒక్క ముక్క రాయి. ఎవరు రాసినా సరే.

సరోజిని


లిమరిక్
18 ఏప్రిల్

అత్తా

నేను స్తోయన్. అక్షరాలు నావి. మధు చేతికి సూది. మధు చెబుతోంది, నేను రాస్తున్నాను.

నిన్న రక్తం చాలా పోయింది. డాక్టర్లు భయం. తర్వాత ఆగింది.

బాబు ఉన్నాడు. పేరు నాయ్దెన్. చొక్కా సరిపోయింది.

మధు ఉంది.

మా ఊరి నుంచి అమ్మకు ఫోను వచ్చింది. నిన్న పొద్దున, బస్టాండు దారిలో. నెదెల్యా లేదు.